స్క్రూ తిప్పే ముందు

చలికాలం పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోతే చాలామంది చేసే మొదటి పని కార్బొరేటర్ స్క్రూ తిప్పడం. నిజానికి మిగతావన్నీ చూశాక చిట్టచివర చేయాల్సిన పని అది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్న మాట ఇంతే. మిగతాదంతా దానికి వివరణ.

ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌ను ఇంకాస్త చక్కబెట్టుకోవడానికి కంపెనీ ఆ స్క్రూ పెట్టింది. ఇంజన్‌లో ఉన్న జబ్బును కప్పిపెట్టడానికి కాదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, ప్లగ్గు అరిగిపోయినా, కార్బొరేటర్‌లో నీళ్లు చేరినా స్క్రూ అటూ ఇటూ తిప్పి బండిని ఎలాగోలా నడిపించవచ్చు. టైఫాయిడ్ వచ్చినవాడు జ్వరం బిళ్ల వేసుకుని ఆఫీసుకు వెళ్లడం లాంటిదే అది. నాలుగు రోజుల్లో జబ్బు మళ్లీ బయటపడుతుంది. ఈసారి అసలు కారణానికి తోడు తప్పుగా తిరిగిన స్క్రూ కూడా ఉంటుంది కాబట్టి ఏది దేనివల్ల జరుగుతోందో మంచి మెకానిక్‌కు కూడా వెంటనే అంతుబట్టదు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త మోటార్‌సైకిళ్లు దాదాపు అన్నీ ఫ్యుయెల్ ఇంజెక్షన్‌కు మారాయి. కానీ 1994లో వచ్చిన స్ప్లెండర్, 2001లో వచ్చిన పల్సర్, అంతకు ఎంతో ముందునుంచీ ఉన్న బుల్లెట్ చాలా ఏళ్లపాటు కార్బొరేటర్‌తోనే అమ్ముడయ్యాయి. ఆ బండ్లు ఇంకా మన రోడ్ల మీద తిరుగుతున్నాయి. పాల క్యాన్లు మోసేది, పేపర్ కట్టలు మోసేది, మొదటి షిఫ్టుకు మనిషిని చేర్చేది ఎక్కువగా అవే. ఆదిలాబాద్‌లో, లంబసింగిలో డిసెంబర్, జనవరి నెలల్లో తెల్లవారుజాము ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగిపోతుంది. ఆ చలిలో, ఆ వేళకు ఏ షెడ్డూ తెరిచి ఉండదు. మీరూ, మీ బండీ, మీకు తెలిసిన విద్యా అంతే.

ఆ విద్య నేర్చుకుంటే డబ్బు మిగులుతుంది. దానితోపాటు సమస్య ఎదురైనప్పుడు తొందరపడి చేయి పెట్టకుండా, కారణం దొరికేదాకా వరసగా వెతికే అలవాటు కూడా వస్తుంది. వ్యక్తిత్వ వికాసం గురించి రాసే పుస్తకంలో ఇంజన్‌కు ఒక అధ్యాయం ఇచ్చింది అందుకే. ఇంజన్ దగ్గర కోపం, అంచనా, అదృష్టం పనిచేయవు. చూసి తెలుసుకున్నదే పనిచేస్తుంది.

చల్లటి ఇంజన్‌కు ఏం కావాలి?

పెట్రోల్ ద్రవంగా ఉన్నప్పుడు మండదు. ఆవిరై గాలిలో కలిసిన తర్వాతే మండుతుంది. ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. వేడెక్కిన ఇంజన్‌కు కార్బొరేటర్ ఈ లెక్కకు దగ్గరగా కలిపి పంపుతుంది.

చల్లగా ఉన్నప్పుడు ఈ లెక్క తప్పుతుంది. వచ్చిన పెట్రోల్‌లో కొంతే ఆవిరవుతుంది. మిగతాది ఇంజన్‌లోకి వెళ్లే దారి గోడలకు, సిలిండర్ గోడలకు తడిగా అంటుకుపోతుంది. కార్బొరేటర్ సరిగ్గానే పంపినా ప్లగ్గు దగ్గరికి చేరేసరికి గాలి ఎక్కువ, పెట్రోల్ ఆవిరి తక్కువ అవుతుంది. అందుకే ఆ మొదటి ఒకటి రెండు నిమిషాలు పెట్రోల్ బాగా ఎక్కువగా పంపాలి. చోక్ చేసే పని ఇదే.

చోక్‌లు రెండు రకాలు. స్ప్లెండర్ లాంటి బండ్లలో కార్బొరేటర్ నోటికి అడ్డంగా ఒక చిన్న పలక మూసుకుని గాలిని తగ్గిస్తుంది. పాత బుల్లెట్‌లోని మిక్‌కార్బ్ లాంటి వాటిలో చోక్ లాగితే అదనపు పెట్రోల్ కోసం విడిగా ఒక సన్నటి దారి తెరుచుకుంటుంది. ఈ రెండో రకం చోక్ ఇంజన్ పీల్చే బలం మీదే ఆధారపడుతుంది. ఎక్సలేటర్ తిప్పగానే ఆ పీల్పు బలం తగ్గి, ఆ దారిలో పెట్రోల్ రావడం ఆగిపోతుంది. చోక్ లాగి మరీ ఎక్సలేటర్ తిప్పుతూ కిక్ కొట్టేవాళ్లకు బండి స్టార్ట్ కాకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

చలికి ఇంకో రెండు ఇబ్బందులు తోడవుతాయి. ఇంజన్ ఆయిల్ చిక్కబడి కిక్ బరువెక్కుతుంది. బ్యాటరీ బలం తగ్గి సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది. ఆయిల్ డబ్బా మీద 10డబ్ల్యూ-30 లాంటి గ్రేడ్ ఉంటుంది. అందులో మొదటి అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆ ఆయిల్ అంత తేలిగ్గా కదులుతుంది. కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడ్ వదిలి "చిక్కటిది పోస్తే ఇంజన్‌కు మంచిది" అనుకుంటే పొద్దున్నే కాళ్లకు పని పెంచుకున్నట్టే.

పొద్దున్నే స్టార్ట్ చేసే పద్ధతి

మరమ్మతుకు ముందు మన పద్ధతి సరైనదో కాదో చూసుకోవాలి. స్టార్టింగ్ ట్రబుల్ అని షెడ్డుకు వచ్చే బండ్లలో కొన్నింటికి ఏ జబ్బూ ఉండదు. ఈ వరస ఒక వారం పాటు మార్చకుండా పాటించి చూడండి.

1. బండిని మెయిన్ స్టాండ్ మీద పెట్టండి. పెట్రోల్ కాక్ తెరవండి.
2. చోక్ పూర్తిగా వేయండి. ఎక్సలేటర్ ముట్టుకోవద్దు.
3. తాళం ఆఫ్‌లో ఉండగానే రెండు మూడు సార్లు నిదానంగా కిక్ కొట్టండి. పెట్రోల్ ఆవిరి సిలిండర్‌లోకి చేరుతుంది, ఆయిల్ కాస్త కదులుతుంది.
4. తాళం ఆన్ చేసి, కిక్ రాడ్‌ను పై నుంచి కింది దాకా ఒకే ఊపున పూర్తిగా తొక్కండి. సగం సగం కిక్కులు పది కొట్టినా ఒక నిండు కిక్కుకు సాటిరావు.
5. బండి అందుకోగానే రేజ్ చేయవద్దు. అర నిమిషం ఆగి చోక్ సగానికి తగ్గించండి. ఎక్సలేటర్ కొద్దిగా తిప్పితే ఇంజన్ తడబడకుండా అందుకునేసరికి చోక్ పూర్తిగా తీసేయండి.

పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్‌కు ఒక మెట్టు ఎక్కువ. కిక్ రాడ్ గట్టిగా ఆగే చోటు దాకా నెమ్మదిగా నొక్కి, డీకంప్రెషన్ లీవర్ పట్టుకుని ఆ గట్టి చోటును కాస్త దాటించి, లీవర్ వదిలేసి, రాడ్‌ను మళ్లీ పైకి రానిచ్చి అప్పుడు పూర్తిగా తొక్కాలి. అక్కడ బలం కన్నా పిస్టన్ ఎక్కడుందో తెలియడం ముఖ్యం.

ఎక్కువసార్లు కొట్టి పెట్రోల్ ఓవర్ అయితే, అంటే ముక్కుకు ఘాటుగా పెట్రోల్ వాసన తగులుతుంటే, చోక్ తీసేసి, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు కిక్కులు కొట్టండి. గాలి ఎక్కువగా వెళ్లి లోపలి తడిని ఆరబెడుతుంది. అప్పటికీ కాకపోతే ప్లగ్గు విప్పి, తుడిచి, ఆరబెట్టి బిగించండి.

ఈ పనులన్నీ ఆరుబయట చేయండి. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ, వాసనా లేవు. తలుపులు మూసిన గదిలో, షట్టర్ దించిన గ్యారేజీలో అది ప్రాణం తీస్తుంది. పెట్రోల్ పైపు విప్పిన చోట బీడీ, సిగరెట్, దీపం ఏదీ ఉండకూడదు.

నాలుగు ప్రశ్నలు, ఈ వరసలోనే

పద్ధతి సరిగ్గా ఉన్నా బండి మొరాయిస్తే వెతకడం మొదలుపెట్టండి. ఇంజన్ నడవడానికి నాలుగు కావాలి: పెట్రోల్, నిప్పురవ్వ, గాలి, కంప్రెషన్. వీటిలో దేన్నీ ఊహించుకోవద్దు. ఒక్కొక్కటీ కళ్లతో చూసి, అవును అనుకున్నాకే తర్వాతి దానికి వెళ్లండి.

పెట్రోల్ వస్తోందా? కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి ఒక గాజు సీసాలో పెట్టి కాక్ తెరవండి. ధార ఆగకుండా రావాలి. మొదట బాగా వచ్చి క్రమంగా సన్నబడుతుంటే ట్యాంకు మూత తెరిచి చూడండి. మూత తెరవగానే ధార పుంజుకుందంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. కొన్ని బండ్లలో ఇంజన్ తిరిగితేనే తెరుచుకునే కాక్ ఉంటుంది. వాటికి మాత్రం ఈ పరీక్ష కిక్ కొడుతూ చేయాలి.

తర్వాత పైపు తిరిగి పెట్టి, కార్బొరేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె, అంటే ఫ్లోట్ బౌల్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి అందులోని పెట్రోల్‌ను ఇంకో గాజు సీసాలోకి దించండి. సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఒక నిమిషం కదపకుండా చూడండి. మంచి పెట్రోల్ అయితే అడుగు దాకా ఒకే తీరుగా తేటగా ఉంటుంది. నీళ్లుంటే అడుగున పాదరసం బొట్టులా గుండ్రంగా జారుతూ గానీ, పల్చటి వేరే పొరగా గానీ కనిపిస్తాయి. తుప్పు ఉంటే ఎర్రటి నలుసులు మెల్లగా అడుగుకు దిగుతాయి. రెండు నిమిషాల ఈ పరీక్షకు ఖర్చు ఏమీ లేదు, ట్యూనింగ్ స్క్రూ తిప్పాల్సిన పని అంతకన్నా లేదు. అయినా చాలా స్టార్టింగ్ ట్రబుళ్లు ఇక్కడే తేలిపోతాయి.

నెలల తరబడి నిలబెట్టిన బండి అయితే బౌల్‌లోని పాత పెట్రోల్ తప్పకుండా పారబోయండి. పెట్రోల్‌లో తేలిగ్గా ఆవిరయ్యే భాగాలే చల్లటి ఇంజన్‌ను అందుకునేలా చేస్తాయి. నిల్వ ఉంటే ముందుగా ఎగిరిపోయేవి కూడా అవే.

నిప్పురవ్వ ఉందా? ప్లగ్గు విప్పి దాని క్యాప్‌లో బిగించి, ప్లగ్గు ఇనుప భాగాన్ని ఇంజన్ లోహానికి గట్టిగా ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా పట్టుకోవాలి, ఎందుకంటే అక్కడినుంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది. పగటి వెలుతురులో కూడా స్పష్టంగా కనిపించే నీలిరంగు రవ్వ రావాలి. పసుపుపచ్చగా, సన్నగా, ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా ఉంటే ముందు ప్లగ్గు మార్చి చూడండి. తర్వాత క్యాప్, తర్వాత వైరు, చివర కాయిల్. చవకైన దానితో మొదలుపెట్టి ఖరీదైన దాని వైపు వెళ్లాలి.

ప్లగ్గు గ్యాప్ బండిని బట్టి 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి పుస్తకంలో ఉన్న అంకెకు ఫీలర్ గేజ్‌తో సరిచేసుకోండి. బ్యాటరీ కరెంటు మీదే ప్లగ్గు వెలిగే బండ్లలో సెల్ఫ్ నొక్కినప్పుడు మోటారే కరెంటంతా లాగేసుకుంటుంది, రవ్వకు బలం మిగలదు. రాత్రంతా ఆగిన బ్యాటరీలో 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. 12.2 కు దిగిందంటే అది సగం ఖాళీ. అలాంటప్పుడు సెల్ఫ్ వదిలేసి కిక్ కొట్టండి.

గాలి సరిగ్గా వెళ్తోందా? ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. స్పాంజి రకమైతే కిరోసిన్‌లో కడిగి, పిండి, ఆరబెట్టి, కొద్దిగా ఆయిల్ పట్టించి పెట్టవచ్చు. ఆయిల్ పట్టించిన కాగితం రకమైతే కడగకూడదు, ఊదకూడదు. పాడైతే మార్చడమే. గాలి తక్కువైనా తంటాయే, దొంగదారిన ఎక్కువ వచ్చినా తంటాయే. కార్బొరేటర్‌కు, ఇంజన్‌కు మధ్య ఉన్న రబ్బరు లేదా ఓ-రింగు పగిలితే అక్కడినుంచి లెక్కలో లేని గాలి దూరుతుంది. ఇంజన్ స్లోలో నడుస్తుండగా ఆ అతుకు మీద సబ్బునీళ్లు చుక్కలుగా వేయండి. చప్పుడు మారిందంటే గాలి అక్కడే దూరుతోంది.

కంప్రెషన్ ఉందా? తాళం ఆఫ్ చేసి కిక్ రాడ్‌ను చేత్తో నొక్కితే ఒకచోట అది గట్టిగా ఎదురు నొక్కాలి. అలా కాకుండా మెత్తగా దిగిపోతుంటే ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, నాలుగు కిక్కులు కొట్టి, ప్లగ్గు బిగించి మళ్లీ చూడండి. బలం పెరిగితే రింగులు, బోర్ అరిగాయి. పెరగకపోతే వాల్వ్‌ల దగ్గర కంప్రెషన్ పోతోంది.

ఇక్కడే వాల్వ్‌లను తెరిచే టాపెట్ల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. టకటక చప్పుడు వస్తే అందరూ టాపెట్లు చూపించుకుంటారు. చప్పుడు రాకపోతే బాగుందనుకుంటారు. వదులైన టాపెట్ చప్పుడు చేస్తుంది, బిగుసుకుపోయిన టాపెట్ చప్పుడు చేయదు. బిగుతుగా ఉంటే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, పొద్దున్నే బండి అందుకోదు, చివరికి వాల్వ్ కాలిపోతుంది. టాపెట్లు రాత్రంతా ఆరిన చల్లటి ఇంజన్ మీదే, పుస్తకంలో చెప్పిన గ్యాప్‌కు ఫీలర్ గేజ్‌తోనే సరిచేయాలి. చెవితో కాదు.

కార్బొరేటర్ విప్పాల్సి వస్తే

నాలుగు ప్రశ్నలకూ జవాబు బాగుండి, చోక్ ఉంటేనే నడిచి, చోక్ తీయగానే ఆగిపోతుంటే అప్పుడు కార్బొరేటర్ విప్పండి. ఇలాంటప్పుడు నూటికి తొంభై పాళ్లు నేరం స్లో జెట్‌దే అనుకోవచ్చు. ఐడ్లింగ్‌కు కావలసిన పెట్రోల్ వచ్చేది దాని నుంచే. చిన్న బండ్లలో దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఎండిన పెట్రోల్ మిగిల్చిన జిగురు ఇసుమంత చాలు, అది మూసుకుపోవడానికి.

సరిపోయే స్క్రూడ్రైవర్‌తో జెట్‌ను విప్పి, ఆకాశం వైపు పెట్టి ఒక కన్ను మూసి చూడండి. శుభ్రంగా ఉంటే చుట్టూ చీకటి, మధ్యలో గుండుసూది మొన అంత గుండ్రటి వెలుగు చుక్క. మూసుకుపోతే వెలుగే కనబడదు. సగం మూసుకుంటే ఆ చుక్క నెలవంకలా ఒరిగి కనిపిస్తుంది. ఇలా సగం మూసుకున్న జెట్టే ఎక్కువ మోసం చేస్తుంది. వేడెక్కిన ఇంజన్‌ను ఎలాగోలా నడిపించేస్తుంది, చల్లటి ఇంజన్‌ను మాత్రం నడిపించలేదు.

ఆ రంధ్రంలో గుండుసూది, పిన్నీసు, ఇనుప తీగ పెట్టవద్దు. జెట్ ఇత్తడిది, మెత్తనిది. వెంట్రుక వాసి గీత పడినా రంధ్రం పెద్దదవుతుంది, ఇక ఏ స్క్రూ తిప్పినా లెక్క కుదరదు. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, నానబెట్టి, గాలి పెట్టి ఊదించండి. కార్బొరేటర్ ఒంట్లోని సన్నటి దారులన్నిటికీ ఇదే వైద్యం.

విప్పినప్పుడే ఫ్లోట్ నీడిల్ కొన చూడండి. రబ్బరు కొన మీద చుట్టూ గాడి పడి ఉంటే పెట్రోల్ ఆగదు, ఓవర్ అవుతుంది. దాన్ని మార్చేయండి. ఏ భాగం ఎక్కడినుంచి వచ్చిందో విప్పేటప్పుడే ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

లక్షణాన్ని బట్టి కారణం

ఇంజన్ తన బాధను తనే చెబుతుంది. వినడం అలవాటు చేసుకోవాలి.

• వేడెక్కాక కూడా చోక్ లేకపోతే ఆగిపోతుంది: పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. స్లో జెట్, రబ్బరు అతుకు చూడండి.
• చలిలో కూడా చోక్ అక్కర్లేకుండా స్టార్ట్ అవుతుంది, సైలెన్సర్ మసి నల్లగా ఉంది, మైలేజీ పడిపోయింది: పెట్రోల్ ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్, ఫ్లోట్ లెవెల్, ఫ్లోట్ నీడిల్, చోక్ పూర్తిగా వెనక్కి వెళ్తోందో లేదో చూడండి.
• ఎక్సలేటర్ వదిలినా ఇంజన్ వేగం వెంటనే దిగదు: ఎక్కడో గాలి దూరుతోంది, లేదా కేబుల్ పట్టేస్తోంది.
• హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ఐడ్లింగ్ పెరుగుతుంది: కార్బొరేటర్‌కు సంబంధం లేదు, కేబుల్ బిగుతైంది.
• పొద్దున్న బాగానే స్టార్ట్ అయ్యి, వేడిగా ఉన్నప్పుడు ఆగితే మళ్లీ అందుకోదు: పెట్రోల్ ఎక్కువవుతోంది, లేదా వేడికి కాయిల్ బలహీనపడుతోంది.

ప్లగ్గు రంగు కూడా ఇదే కథ చెబుతుంది. కాసేపు మామూలుగా నడిపి ఆపిన బండి ప్లగ్గు విప్పితే లోపలి పింగాణీ లేత గోధుమ, ఇటుక రంగుల మధ్య ఉండాలి. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ. సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. జిడ్డుగా, తడిగా నల్లగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది.

ఇప్పుడు స్క్రూ

ఇప్పటిదాకా అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలితేనే స్క్రూడ్రైవర్ చేతికి తీసుకోండి. ముందుగా మీ బండికి ఏ స్క్రూ ఉందో తెలుసుకోవాలి. కార్బొరేటర్‌లో ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది సాధారణంగా ఎయిర్ స్క్రూ. లోపలికి బిగిస్తే గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఇంజన్ వైపు ఉంటే అది మిశ్రమం స్క్రూ. లోపలికి బిగిస్తే పెట్రోల్ తగ్గుతుంది, బయటికి వదిలితే పెరుగుతుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పనిలో పూర్తిగా తలకిందులు. పక్కింటాయన బండికి పనిచేసిన చిట్కా మీ బండిని పాడుచేసేది ఇక్కడే.

పక్కనే ఇంకో స్క్రూ ఉంటుంది. స్లో పెట్టే స్క్రూ. అది ఐడ్లింగ్ వేగాన్ని మాత్రమే మారుస్తుంది. మిశ్రమాన్ని మార్చదు.

పని వరస ఇది:

1. బండిని పది, పదిహేను నిమిషాలు నడిపి బాగా వేడెక్కించండి. చల్లటి ఇంజన్ మీద ట్యూనింగ్ చేయకూడదు. చోక్ పూర్తిగా తీసేసి ఉండాలి.
2. ఇంజన్ ఆపి, మిశ్రమం స్క్రూను, లేదా మీ బండికి ఉన్నది ఎయిర్ స్క్రూ అయితే దాన్ని, నెమ్మదిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. అది ఆగగానే మీరూ ఆగాలి. బలంగా బిగిస్తే సూది మొన వంగుతుంది, అది కూర్చునే చోటు చితికిపోతుంది. తర్వాత రాసుకున్నన్ని చుట్లు తిరిగి బయటికి తిప్పండి.
3. స్టార్ట్ చేసి స్లో స్క్రూతో ఐడ్లింగ్‌ను కంపెనీ చెప్పిన వేగానికి తెండి. స్ప్లెండర్ తరహా 100 సీసీ బండ్లకు అది నిమిషానికి 1400 చుట్ల దరిదాపుల్లో ఉంటుంది.
4. రెండో మెట్టులో లెక్కపెట్టిన స్క్రూను పావు చుట్టు తిప్పి, అయిదారు సెకన్లు ఆగి వినండి. ఇంజన్ వేగం పెరిగి చప్పుడు నున్నబడితే అదే వైపు ఇంకో పావు. తగ్గి తడబడితే వెనక్కి. రెండు వైపులా తడబడే చోట్లు తెలిశాక, మధ్యలో అన్నిటికన్నా నున్నగా, వేగంగా నడిచే చోట ఆపండి.
5. ఇప్పుడు పెరిగిన వేగాన్ని స్లో స్క్రూతో మళ్లీ తగ్గించండి. నాలుగో మెట్టు ఇంకోసారి చేయండి.
6. ఎక్సలేటర్ చటుక్కున తిప్పి వదలండి. తడబడకుండా ఎక్కాలి, వెంటనే దిగాలి. ఆఖరున ఎన్ని చుట్ల దగ్గర ఆపారో రాసుకోండి.

ఈ చుట్ల లెక్క దానంతట అదే ఒక పరీక్ష. మిశ్రమం స్క్రూ మూడు చుట్లకు మించి వదిలితేగానీ ఇంజన్ నున్నగా నడవకపోతే స్లో జెట్ ఇంకా మూసుకునే ఉంది, లేదా ఎక్కడో గాలి దూరుతోంది. ఎయిర్ స్క్రూ దాదాపు పూర్తిగా బిగిస్తేగానీ నడవకపోయినా అర్థం అదే. స్క్రూ మీద నమ్మకం పెట్టుకోకుండా వెనక్కి వెళ్లి కారణం వెతకండి.

ఇంకో సంగతి. ఈ స్క్రూ అధికారం ఐడ్లింగ్ నుంచి ఎక్సలేటర్ కొద్దిగా తిప్పేదాకానే. పావు నుంచి ముప్పావు దాకా మిశ్రమాన్ని నిర్ణయించేది స్లైడ్‌కు వేలాడే నీడిల్, ఆపైన మెయిన్ జెట్. పికప్ లేదని, టాప్ స్పీడ్ లేదని ఈ స్క్రూ తిప్పితే దొరికేది ఏమీ ఉండదు. ఉన్న ఐడ్లింగ్ పోతుంది.

మీ పని ఎలా కుదిరిందో కొలిచి చూసుకునే దారి కూడా ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఎంత శాతం వచ్చిందో దాని మీద అచ్చవుతుంది. చాలామంది ఆ కాగితాన్ని మడిచి డిక్కీలో పెట్టేస్తారు. దాన్ని చదవండి. ఆ అంకె ఎక్కువగా ఉంటే పెట్రోల్ ఎక్కువ కాలుతోందని యంత్రమే కొలిచి చెప్పినట్టు. ట్యూనింగ్‌కు ముందు, తర్వాత వచ్చిన అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే మీ చేతి పనికి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు.

పెట్రోల్ మారింది, బండి మారలేదు

2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైన ఇ20 పెట్రోల్ 2025 నాటికి దేశమంతటా మామూలు పెట్రోల్ అయిపోయింది. అందులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఒక గ్రాము ఇథనాల్ మండడానికి సుమారు 9 గ్రాముల గాలి చాలు. అంటే పాత పెట్రోల్ లెక్కకు పెట్టిన జెట్లతో నడిచే బండికి ఇప్పుడు గాలి కాస్త ఎక్కువవుతోంది. అప్పటికే జెట్ సగం మూసుకున్న బండి, రబ్బరు అతుకు పగిలిన బండి ముందుగా తడబడేది అందుకే. పొద్దున్నే చోక్ ఇంకాస్త సేపు ఉంచాల్సి రావచ్చు. శుభ్రం చేసిన బండికి మిశ్రమం స్క్రూను కొద్దిగా పెట్రోల్ ఎక్కువయ్యే వైపు సరిచేసుకోవడం న్యాయమైన ట్యూనింగే.

ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఆ రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. కాబట్టి వానాకాలంలో, బండి ఎక్కువ రోజులు నిలబెట్టేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచండి, కాక్ మూసి బౌల్ ఖాళీ చేయండి. పాత రబ్బరు పైపులు, ఓ-రింగులు ఉబ్బి పగులుతున్నాయేమో అప్పుడప్పుడూ చూడండి.

మెకానిక్‌తో మాట్లాడే తీరు

ఇవన్నీ మీరే చేయాలని లేదు. వాల్వ్‌లు, రింగుల దాకా వస్తే చేయి తిరిగిన మెకానిక్ దగ్గరికే వెళ్లాలి. కానీ "అన్నా, స్టార్టింగ్ ట్రబుల్, కొంచెం చూడు" అని తాళం ఇచ్చి వెళ్లిపోతే ఆయన చేతికి దొరికేది స్క్రూడ్రైవర్, మీకు దొరికేది తాత్కాలిక ఉపశమనం. దానికి బదులు ఇలా చెప్పి చూడండి: "అన్నా, పొద్దున చోక్ ఉంటేనే నడుస్తోంది. చోక్ తీస్తే పది నిమిషాల తర్వాత కూడా ఆగిపోతోంది. పెట్రోల్ ధార బాగానే ఉంది, ప్లగ్గు కొత్తది, రవ్వ నీలంగా వస్తోంది. స్క్రూ నేను ముట్టుకోలేదు." ఆయన నేరుగా స్లో జెట్ దగ్గరికి వెళ్తాడు. మీ సమయం మిగులుతుంది, ఆయన శ్రమ మిగులుతుంది. తెలిసి అడిగిన మనిషికి మంచి పనివాడు మనసు పెట్టి చేస్తాడు. ఆయన చేసే పని పక్కన నిలబడి చూడండి, అడగండి. మన ఊళ్లలో ఈ విద్య ఇంతమందికి వచ్చింది అలాగే.

ఈ వారం చేయాల్సినవి

• మీ బండి కంపెనీ పుస్తకం వెతికి ఐడ్లింగ్ వేగం, ప్లగ్గు గ్యాప్, టాపెట్ గ్యాప్, ఆయిల్ గ్రేడ్ ఒక కార్డు మీద రాసి టూల్ బాక్స్‌లో పెట్టండి.
• ఒక ఫీలర్ గేజ్, ఒక కొత్త ప్లగ్గు, ఒక ప్లగ్గు స్పానర్ కొనండి.
• ఆదివారం పొద్దున ఫ్లోట్ బౌల్ పెట్రోల్‌ను సీసాలోకి దించి చూడండి. ప్లగ్గు విప్పి రంగు చూడండి. చూసింది తేదీతో సహా రాయండి.
• వారమంతా ఎన్ని కిక్కులకు స్టార్ట్ అయింది, చోక్ ఎంతసేపు అవసరమైంది రోజూ రాయండి.
• ఏదైనా మార్చాల్సి వస్తే ఒక్క రోజుకు ఒక్కటే మార్చండి. ప్లగ్గు, ఫిల్టర్, స్క్రూ మూడూ ఒకేరోజు మారిస్తే బండి బాగుపడవచ్చు, మీరు మాత్రం ఏమీ నేర్చుకోరు. వచ్చే చలికాలం మళ్లీ మొదటికొస్తారు.

ట్యూనింగ్ సరిగ్గా కుదిరిందో లేదో సాయంత్రం వేడి ఇంజన్ మీద తేలదు. మర్నాడు పొద్దున, రాత్రంతా ఆరిన ఇంజన్‌కు ఎక్సలేటర్ ముట్టుకోకుండా కిక్ కొట్టినప్పుడు తేలుతుంది. ఒకటి రెండు కిక్కులకు అందుకుంటే ఆ చుట్ల లెక్క కార్డు మీద సిరాతో రాసుకోండి. అందుకోకపోతే స్క్రూ జోలికి పోకుండా నాలుగు ప్రశ్నల్లో మొదటిదానికి తిరిగి వెళ్లండి. కారణం ఆ నాలుగింటిలో గానీ, కార్బొరేటర్‌లో గానీ ఉంటుంది, వరసగా వెతికితే దొరికి తీరుతుంది.